నూకాలు చెప్పిన అంకెలు

పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుండగా, ఒక తుపాను వెళ్ళిపోయిన నెలలో, మా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో కొత్తగా తెరిచిన ట్రామా క్లినిక్‌కు నన్ను ఇన్‌చార్జిగా వేశారు. ట్రామా అనగానే అందరూ యాక్సిడెంటు వార్డు అనుకుంటారు. మాది ఎముకలు అతికించే చోటు కాదు. కళ్ళ ముందు ఘోరం చూసి, ఒళ్ళు బయటపడినా మనసు అక్కడే ఉండిపోయిన వాళ్ళు వచ్చే చోటు. ఆటోనగర్‌లో ప్రెస్సు మిషను కింద పక్కవాడి చెయ్యి పోవడం చూసినవాడు వచ్చేవాడు. క్రేను తీగ తెగిన రోజున దాని కిందే నిలబడి ఎలాగో బతికిపోయినవాడు వచ్చేవాడు. ఆ ఏడాది మాత్రం ఎక్కువగా సముద్రం వాళ్ళే వచ్చారు.

హోదా సంగతి చెప్పాలి. నేను క్లినికల్ సైకాలజిస్టును. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన వైద్యం చదివిన డాక్టరు. మేం మందులు రాయం, మాట్లాడి, మాట్లాడించి చికిత్స చేస్తాం. జనానికి ఈ తేడాతో పని లేదు, ఇద్దరమూ పిచ్చి డాక్టర్లమే. నా కింద ఒక జూనియర్ సైకాలజిస్టు ఉండేది, పేరు నస్రీన్. వన్‌టౌన్ పిల్ల, తండ్రికి అక్కడే బట్టల దుకాణం. ఐదేళ్ళ కొడుకు ఉన్నాడు. చదువులో చురుకు, మనసు మెత్తన. నాకు ఈ రెండో గుణం మీద మొదటినుంచీ అనుమానమే.

ఎందుకంటే నాకు ఏడుపు రాదు. కోపం వస్తుంది. పొద్దున్నుంచి నలుగురి ఘోరాలు విని ఇంటికెళితే కూరగాయల బండివాడి మీద, పనిమనిషి మీద, టీవీ మీద విరుచుకుపడేదాన్ని. విన్నది ఎవరితోనూ చెప్పకూడదు, మా వృత్తిలో అది మొదటి కట్టుబాటు. కట్టుకున్న మొగుడికీ చెప్పకూడదు. మా ఆయన పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, నిదానం. వంటింట్లో గిన్నెల చప్పుడు విని, “ఇవాళ ఎంతమంది వచ్చారేటి?” అని హాల్లోంచి అడిగేవారు. నేను జవాబు చెప్పేదాన్ని కాదు. ఆయనా మళ్ళీ అడిగేవారు కాదు. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో ఉంది గానీ, ఈ ఉద్యోగం దానికి నెయ్యి పోసింది.

చికిత్స ఎలా చేస్తామో రెండు మాటల్లో చెబుతాను. మనిషిని కళ్ళు మూసుకోమంటాం. ఆ రోజు జరిగినదాన్ని ఇప్పుడు జరుగుతున్నట్టుగా చెప్పమంటాం. “కెరటం వచ్చింది” అని కాదు, “కెరటం వస్తోంది” అని చెప్పాలి. అలా వారం వారం చెప్పించగా చెప్పించగా, ఆ జ్ఞాపకానికి పళ్ళు అరుగుతాయి. ప్రతిసారీ మధ్యలో ఒక అంకె అడుగుతాం. ఇప్పుడు నీ బాధ సున్నా నుంచి వంద దాకా ఎంత ఉందని. దాన్ని మేం స్కోరు అంటాం. స్కోరు దిగుతూ ఉంటే మనిషి కోలుకుంటున్నట్టు లెక్క. మంచి పద్ధతే. నేను చాలామందికి చేసి ఫలితం చూశాను. కానీ అంకె చెప్పేదీ మనిషే, అడిగేదీ మనిషే. పుస్తకాల్లో ఈ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నూకాలు జాలరిపేట మనిషి, చేపలమ్ముకునే ఆడది. నలభై దాటలేదు. తుపాను తగ్గిపోయిందనుకుని వేటకెళ్ళిన పడవ ఒడ్డుకు వస్తూ, ఇంకాస్త వస్తే మోకాళ్ళ లోతు నీళ్ళే అనుకునే చోట, కెరటానికి తిరగబడింది. అందులో ఆమె మొగుడు, పదిహేడేళ్ళ కొడుకు. గంప పట్టుకుని ఒడ్డున ఎదురుచూస్తున్న నూకాలు, నీళ్ళలోంచి కొడుకు చెయ్యి పైకి లేవడంతో సహా, అంతా చూసింది. నీళ్ళలోకి ఉరకబోతే నలుగురు పట్టుకుని ఆపేశారు. మొగుడి శవం ఆ పూటే దొరికింది. కొడుకుది భీమిలి వైపు తేలింది, అప్పటికే రోజులు గడిచాయి. మొలతాడు చూసి ఆమే గుర్తుపట్టింది. ఇంట్లో ఇక మిగిలింది పదకొండేళ్ళ కూతురు.

మొదట ఆమె నా దగ్గరికే వచ్చింది. గదిలోకి వస్తూనే నా మెడ పట్టుకుని, నా భుజం మీద తల పెట్టి రాగం తీస్తూ శోకం అందుకుంది. మా వైపు చావింటికి పరామర్శకు వెళ్ళిన ఆడవాళ్ళను ఇంటి ఆడది అలాగే పట్టుకుంటుంది. వచ్చినామె కూడా గొంతు కలపాలి. పోయినవాడి గుణాలు చెప్పుకుంటూ ఇద్దరూ కలిసి ఏడవాలి. ఏడవని మనిషిని మా పల్లెల్లో కూడా క్షమించరు. నేను తగరపువలస దగ్గర రైతుల ఇంట పుట్టినదాన్ని, ఇది నాకు తెలియని ఆచారం కాదు. కానీ ఇది ఆసుపత్రి, నేను పరామర్శకు వచ్చిన చుట్టాన్ని కాను. పేషెంటు ముందు ఏడవకూడదని మాకు నేర్పారు, నేనూ నేర్పాను. నెమ్మదిగా ఆమె చేతులు విడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చాను. నూకాలు నా మొహంలోకి ఒకసారి చూసింది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. అడిగినదానికి ఊఁ, ఉహూఁ తప్ప ఇంకేం చెప్పలేదు. బయటికెళ్ళి వరండాలో ఎవరితోనో అన్న మాట కిటికీలోంచి వినబడింది.

“ఆయమ్మ రాయి. సావింటికొచ్చి కూడా కన్ను తడి సెయ్యదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం, ముప్పై ఏళ్ళుగా ఈ రాయి దగ్గరికే కదా జనం వచ్చి బాగుపడి వెళుతున్నారు! పై వారం ఆమె రాలేదు. ఆశా కార్యకర్తతో కబురు పెడితే, “ఇంకో అమ్మ ఉంటే వత్తాను” అని జవాబు వచ్చింది. నస్రీన్‌కు అప్పగించాను.

నస్రీన్ ఆమె చేతులు విడిపించలేదు. మెడ పట్టుకుంటే పట్టుకోనిచ్చింది, ఏడిస్తే తనూ ఏడ్చింది. ఈ సంగతి నాకు తనే చెప్పింది, తిడతానేమోనని చూస్తూ. తిట్టాను కూడా. కానీ నూకాలు వారం తప్పకుండా రావడం మొదలుపెట్టింది, నోరు విప్పింది, కళ్ళు మూసుకుని పడవ తిరగబడడం చెప్పింది. ఇక నేనేం అనను? పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాను.

వారానికొకసారి జూనియర్లు తమ కేసుల గురించి పై మనిషికి చెప్పాలి, దాన్ని సూపర్‌విజన్ అంటారు. నా సూపర్‌విజన్ చప్పున అయిపోయేది. కేసు పేరు, ఎన్నో వారం, స్కోరు ఎంత, తర్వాత ఏం చేస్తావు. నస్రీన్ నూకాలు స్కోర్లు చెప్పేది. మొదట తొంభై ఐదు. తర్వాత ఎనభై, అరవై, నలభై. అంత నున్నగా దిగే స్కోరు నేను ఎప్పుడూ చూడలేదు. వస్తూ వస్తూ నూకాలు కానాగంత చేపలు కూడా తెచ్చేదట, “మీ బాబుకి ఏపి పెట్టమ్మా” అని. పేషెంటు దగ్గర ఏమీ తీసుకోకూడదని నేను కసిరాను. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది మేడం, అంది నస్రీన్.

చావింటి ఆచారంలో రెండో సగం ఉంది. మేమిద్దరం దాన్ని ఆలోచించలేదు. పరామర్శకు వచ్చిన మనిషి ఏడ్చాక, ఆమెను ఊరుకోబెట్టాల్సింది ఎవరో కాదు, ఆ ఇంటి ఆడదే. “ఊరుకోమ్మా, మన చేతుల్లో ఏముంది” అని కళ్ళు తుడిచి, నీళ్ళిచ్చి, కాస్త తేరుకున్నాకే పంపాలి. తన కడుపు తరుక్కుపోతున్నా సరే, వచ్చినామెను ఏడుస్తూ పంపకూడదు. చావింట్లో ఇది సాగుతుంది. రోజుకో చుట్టం వస్తుంది, పదిరోజులకు తంతు ముగుస్తుంది. మా గదిలో వచ్చే మనిషి మారలేదు. ప్రతి వారం అదే నస్రీన్.

చలికాలం వెళ్ళి ఎండలు మొదలయ్యాయి. నూకాలు స్కోరు ముప్పైకి వచ్చిందని, మరో రెండు మూడు వారాల్లో కేసు ముగించవచ్చని నస్రీన్ చెప్పింది. అప్పటికే రంజాన్ ఉపవాసాల మీద ఉంది, మొహం పీక్కుపోయింది. నేను ఉపవాసం వల్లే అనుకున్నాను. పండక్కి సెలవు పెడితే ఆ వారం ఆమె కేసులు నేనే చూస్తానన్నాను. నూకాలు నన్ను చూడగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందని అనుకుంటూనే తలుపు తీశాను.

ఆమె వెళ్ళలేదు. వచ్చి కూర్చుంది. స్కోరు ముప్పై ఉన్న మనిషి అలా ఉండదు. జాకెట్టు చేతులు వదులైపోయి వేలాడుతున్నాయి, కళ్ళ కింద నలుపు. చేపలమ్ముకునే మనిషి ఒంట్లో ఉండే బిగువు ఎక్కడా లేదు.

“ఆయమ్మ నేదేటి ఇయాల?” అంది.

సెలవులో ఉందని చెప్పాను.

“మంచిదైంది,” అంది నూకాలు.

నిద్ర పడుతోందా అని అడిగాను. లేదంది. తింటున్నావా? లేదంది. మరి ముప్పై అని ఎలా చెప్పావని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

“ఎంత సెప్తే ఆయమ్మ మొకం ఇప్పారతాదో అంతే సెప్పినాను. తొంబయ్యంటే ఏడిసేత్తాది. నలబయ్యంటే నవ్వింది. మరి ముప్పయ్యన్నాను.”

నేను పెన్ను కింద పెట్టాను. ఏం చెప్పకుండా దాచుకున్నావని అడిగాను. దీనికి మాకు ఒక పద్ధతి ఉంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని డొంకతిరుగుడు లేకుండా, సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని జనం భయపడతారు. పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది, అంతే. అలాగే అడిగాను.

నూకాలు తన అరచేతులు చూసుకుంది. తర్వాత చెప్పింది. కళ్ళు మూసుకోలేదు, గొంతు మారలేదు. చేపల ధర చెబుతున్నట్టే చెప్పింది.

“ఎల్లిపోదామనే ఉంది మేడం. ఆల్ల కాడికే. కానీ ఆడపిల్లగుంటని వొగ్గేసి ఎలా ఎల్తాను? దాన్నెవులు సూత్తారు? అందుకే దాన్ని కూడా తీసుకెల్దామనుకున్నాను.”

“ఎప్పుడు?”

“మొన్న తెల్లారగట్ల దాని సెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెల్లినాను. ఎక్కడికమ్మా అంది. నాన్న కాడికన్నాను. నీల్లలోకి దిగినాం. మోకాల్ల దాకా వచ్చీసరికి, అమ్మా సలేత్తాంది, అంది. అమ్మా సలేత్తాందే, అని మల్లీ అంది. మరింటికి తీసుకొచ్చీసినాను. నీల్లు కాసి పోసినాను.”

నాకు ఆ క్షణంలో వచ్చింది జాలి కాదు. ఉన్నదున్నట్టు చెబుతాను, కోపం వచ్చింది. ఆ పిల్ల ఏం పాపం చేసిందే, అని గొంతుదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగాను. మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉందా అని అడిగాను. ఉందంది. పిల్ల ఇప్పుడెక్కడుందని అడిగాను. బడిలో ఉందంది.

“ఈ మాట నస్రీన్‌కు ఎందుకు చెప్పలేదు?”

“బాబోయ్, ఆయమ్మకి సెప్పకండి! ముందే నీరైపోనాది. ఆయమ్మకీ సిన్న పిల్లడున్నాడు. ఇదింటే తట్టుకోనేదు.”

“మరి నాకెందుకు చెబుతున్నావు?”

“మీరు ఏడవరు కదా,” అంది. “కోప్పడతారు. కోప్పడండి. నన్ను కోప్పడీవోలు ఎవులూ నేరిప్పుడు,” అంది.

అప్పుడు మొదటిసారి ఆమె నోట నిజమైన ఏడుపు వచ్చింది. శోకం కాదు, రాగం లేదు, మాటలు లేవు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. కానీ ఆమె నా చెయ్యి పట్టుకుంటే ఈసారి విడిపించుకోలేదు.

తర్వాత పని పద్ధతి ప్రకారం జరిగింది. ఒక ప్రాణానికి ముప్పు ఉందని తెలిశాక గోప్యత కట్టుబాటు చెల్లదు, ఆ సంగతి ఆమెకే ముందుగా చెప్పి, ఆమె ఎదురుగానే ఫోన్లు చేశాను. సైకియాట్రిస్టును గదికి పిలిపించాను. ఆయన చూసి వార్డులో చేర్చుకున్నారు, మందులు మొదలుపెట్టారు. నూకాలు అక్క తగరపువలసలో ఉంటుంది, ఆమె వచ్చేదాకా నూకాలును ఒంటరిగా వదల్లేదు. అక్క బడికి వెళ్ళి పిల్లను తీసుకొచ్చింది. యూనిఫారంలో, రెండు జడలతో, వార్డు గుమ్మంలో నిలబడి తల్లిని చూసింది. ఎందుకు పిలిపించారో ఆ పిల్లకు తెలియదు. తెలుసో, తెలియదో. నేను అడగలేదు. పిల్లల విభాగం వాళ్ళకు అప్పగించాను. తల్లి ఒప్పుకుంది, పిల్ల పెద్దమ్మతో వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెల చప్పుడు లేదట. మా ఆయనే వంటింట్లోకి వచ్చి, “ఏటయింది, ఒంట్లో బాగోలేదా?” అన్నారు. కుళాయి కింద బిందె నిండుతోంది. ఆ చప్పుడు నేను భరించలేకపోయాను. వెళ్ళి కట్టేశాను. బాగానే ఉన్నానన్నాను.

పండగ అయ్యాక నస్రీన్ వచ్చింది. సేమ్యా డబ్బా నా బల్ల మీద పెట్టింది. కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. డబ్బా మూత వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది, రెండు నెలలుగా కొడుకుకు తను స్నానం చేయించడం లేదట. బకెట్లో నీళ్ళు పడుతుంటే వాడి చెయ్యి నీళ్ళలోంచి పైకి లేచినట్టు కనబడుతుందట. అత్తగారే చేయిస్తున్నారట. బీచ్ రోడ్డు మీద వెళ్ళాల్సి వస్తే ఆటోవాణ్ణి వేరే దారిలో తిప్పించుకుంటోందట. గురువారం నూకాలు వస్తుందంటే బుధవారం నుంచే అన్నం సయించదట. అవి నూకాలు జ్ఞాపకాలు. చెప్పిచెప్పి ఆమె దించుకోవాల్సినవి, విని విని ఈమె మోస్తోంది. అలాగని నూకాలుకు ఏమైనా తేలికయిందా అంటే, అదీ లేదు.

మా వృత్తిలో ఇది కొత్త కాదు. వినేవాళ్ళకు చెప్పేవాళ్ళ పీడకలలు పడతాయి. దానికి పేర్లున్నాయి, పాఠాలున్నాయి, ఆ పాఠాలు చెప్పినవాళ్ళలో నేనొకదాన్ని. వారం వారం నా ఎదురుగా కూర్చున్న నస్రీన్‌లో నేను దాన్ని చూడలేదు, ఉపవాసం అనుకున్నాను. అందుకే అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

“మీకు కోపం వస్తుందని, మేడం,” అంది. “మీరు స్కోరు అడిగేవారు. స్కోరు చెప్పేదాన్ని.”

నూకాలు నస్రీన్‌కు చేసిందే నస్రీన్ నాకు చేసింది. ఒకరు కన్నీళ్ళకు భయపడి దాచుకున్నారు, ఒకరు నా నోటికి జడిసి దాచుకున్నారు. మధ్యలో అంకెలు మాత్రం చక్కగా దిగుతూ వచ్చాయి.

ఇది అందరూ బాగుపడిన కథ కాదు. నస్రీన్ ఆ ఎండాకాలంలోనే ట్రామా కేసులు వద్దని రాసిచ్చి, పిల్లల చదువు సమస్యలు చూసే విభాగానికి మారిపోయింది. ఆపలేదు నేను. మంచి పనిమంతురాలు మాకు దూరమైంది. నూకాలు కొన్ని వారాలు వార్డులో ఉంది. తర్వాత ఆమె చికిత్స నేనే మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి స్కోరు తొంభై దగ్గర చాలాకాలం కదలకుండా కూర్చుంది. కదలనందుకు నేను సంతోషించాను. నేను రిటైరయ్యే నాటికి ఆమె మళ్ళీ చేపల గంప ఎత్తింది, కానీ పిల్ల మాత్రం తగరపువలసలోనే ఉండిపోయింది. ఆదివారాలు తల్లి బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేది. వచ్చి ఉంటావా అంటే పిల్ల బదులు చెప్పేది కాదట.

సూపర్‌విజన్ పద్ధతి మార్చాను. మొదటి సగం పేషెంటు ఊసే ఎత్తకూడదు. విన్న మనిషికి ఎలా నిద్ర పడుతోంది, ఏం తింటోంది, ఇంట్లో ఎవరి మీద అరుస్తోంది, ఇవి ముందు. నేనూ చెప్పేదాన్ని. మొదట్లో నా నోటికి అది ఎంత కష్టమయిందో చెప్పలేను. ఆ తర్వాతే స్కోరు. స్కోరును కూడా మనిషి ఒంటితో సరిచూసి, సరిపోతేనే నమ్మాలని నియమం పెట్టాను.

బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషి ముందు మన మొహం చూస్తుంది. అది ఎంత మోయగలదో అంచనా కట్టి, అంతే దించుతుంది. మిగిలినది తిరిగి ఇంటికి మోసుకుపోతుంది. మనం ఏడ్చినా అంతే, రాయిలా కూర్చున్నా అంతే. వినేవాడి మనసు ఎలా ఉందన్నది వినేవాడి సొంత వ్యవహారం కాదు, చికిత్సలో భాగం. ఇది నాకు నేర్పిన చదువులో ఉంది. నేను నేర్చుకున్నది మాత్రం ఆ గదిలో. చలేస్తోందని ఆ పిల్ల అనకపోయి ఉంటే, మా కాగితాల్లో నూకాలు పేరు ఎదురుగా, కోలుకుంటోంది, అనే రాసి ఉండేది.